ముగ్గు గోడల ఇల్లు

మొన్న పొద్దున నడకకు వెళ్తుంటే మా వీధి చివర ఖాళీ స్థలంలో ఎవరో కొత్తిల్లు మొదలుపెట్టారు. పునాదుల కోసం నేలంతా సున్నంతో గీతలు పోసి ఉన్నాయి. మేస్త్రీని కూలి రేటు అడుగుదామని లోపలికి అడుగు వేయబోయి ఆగిపోయాను. ఎదురుగా ఉన్నది గోడ. చుట్టూ తిరిగి, గుమ్మానికి వదిలిన చోటు వెతుక్కుని, అక్కడ చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్ళాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, పూజ రేపు కదా" అన్నాడు. ఏం చెప్పను? ఈ వయసులో కూడా గీతను గోడ అనుకుని చుట్టూ తిరిగేదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను. అది మా అమ్మ పెంపకం.

మా నాన్న, రాష్ట్రం అవతల హిందీ మాట్లాడే అడవి ప్రాంతంలో ఉన్న కిరండూల్ రైల్వే యార్డులో పనిచేసేవాడు. కొండల మీంచి దిగిన ఇనప రాయి నింపుకుని విశాఖపట్నం బయల్దేరే బండ్ల చక్రాలను చిన్న సుత్తితో కొట్టి, చప్పుడు విని, చక్రం బాగుందో పగిలిందో చెప్పడం ఆయన పని. ఆ సుత్తి బుద్ధి ఇంట్లో కూడా పోయేది కాదు. కొబ్బరికాయ కొనబోతే వేలి కణుపుతో కొట్టి వినేవాడు. కొత్త కుండ కొన్నా అంతే. లెక్కలు తప్పు చేస్తే నా నెత్తి మీద కొట్టి విని, "లోన ఖాళీగా ఉందే" అనేవాడు.

ఆ ఊరు మొత్తం ఎరుపు. కొట్టుకొచ్చే దుమ్ము ఎరుపు, బట్టలు ఉతికిన నీళ్ళు ఎరుపు, ముక్కు చీదితే అదీ ఎరుపే. బడికి వేసుకెళ్ళే తెల్ల చొక్కాలు నెల తిరిగేసరికి గులాబీ రంగుకు వచ్చేవి. కొత్తగా బదిలీ మీద వచ్చిన పంతులమ్మ అది మా బడి యూనిఫారం రంగే అనుకుని, తెల్ల చొక్కా వేసుకొచ్చిన కొత్త పిల్లాణ్ణి బయట నిలబెట్టింది.

మేం విజయనగరం వైపు వాళ్ళం. కిరండూల్ రాకముందు అక్కడ ఒక అద్దింట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంటి ఓనరమ్మ పెట్టిన షరతుల్లో మొదటిది, ఎండు చేపలు వేయించకూడదు. మా అమ్మకు ఎండు చేప లేని అన్నం అన్నం కాదు. ఒకసారి ఓనరమ్మ పెళ్ళికి వెళ్ళిందని తెలిసి అమ్మ ధైర్యం చేసి పొయ్యి మీద నెత్తళ్ళు వేసింది. ఆవిడ గొడుగు మర్చిపోయి సగం దారిలోంచి తిరిగొచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ వంటింట్లోకి వచ్చి, అమ్మ చేతిలోని అట్లకాడ లాక్కుని, చేపలను మూకుడుతో సహా వీధిలో పారబోసింది. వీధి వీధంతా చూసింది. ఆ రోజు నుంచి అమ్మకు ఒకటే పంతం. సొంతిల్లు ఉండాలి, అందులో తన వంటగది ఉండాలి, అందులో ఎండు చేపల వాసన నాలుగు వీధులు కొట్టాలి.

కిరండూల్ క్వార్టర్లో చేపలు వేయించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ అది సర్కారిల్లు. "ఉజ్జోగం ఉన్నన్నాళ్ళే ఈ గోడలు. ఆ తరవాత మల్లీ ఆవిడి ముక్కు కిందకే ఎల్లాల" అనేది అమ్మ. విజయనగరంలో పెద్ద స్థలమే కొన్నాక చేతిలో పైసా మిగల్లేదు. ఇల్లు కట్టడానికి నాన్న జీతం చాలదు. ఓటీ చెయ్యాలి. ఓటీ అంటే పని గంటలు అయిపోయాక కూడా పనిచేయడం అని మాకు తెలియదు. మా దృష్టిలో ఓటీ అంటే ఇటుకలు.

ఎందుకంటే అమ్మకు డబ్బు అంకెల్లో అర్థమయ్యేది కాదు. కళ్ళ ముందు కనబడాలి. అందుకని ఒకరోజు క్వార్టరు వెనక పెరట్లో నవారుతో కొలిచి, ముగ్గు పోసి, ఊళ్ళో కట్టబోయే ఇంటిని ఉన్నంత సైజులో గీసేసింది. హాలు, పడక గది, వంటగది, బయట స్నానాల గది. ఎర్ర నేల మీద తెల్ల గీతలు, దూరం నుంచి కూడా బాగా కనబడేవి. నాన్న ఓటీ చేసి వచ్చిన రోజు అమ్మ ముగ్గు చిప్ప పట్టుకుని కొత్తది ఏదో ఒకటి చేర్చేది. ఇవాళ అలమర, ఇంకోనాడు కిటికీ, ఆ తర్వాత తులసికోట. గీసి ఊరుకుంటే బాగుండేది. ఆ ఇంటికి నియమాలు కూడా పెట్టింది. గోడలోంచి నడవకూడదు. గుమ్మంలోంచే వెళ్ళాలి, గుమ్మంలోంచే రావాలి. గడప తొక్కకూడదు. కుళాయికి నీళ్ళకెళ్ళే దారి సరిగ్గా హాలు మధ్యలోంచి ఉండటం వల్ల, బిందె చంకన పెట్టుకుని ఇల్లంతా ప్రదక్షిణం చేసేవాళ్ళం.

నాన్న తొలిరోజుల్లో నవ్వేవాడు. డ్యూటీ నుంచి వచ్చి తిన్నగా నడిచొస్తే అమ్మ అరిచేది.

"అదేటండి, గోడలోంచి ఒచ్చీసేరు?"

"గోడేది?"

"కాళ్ళ కింద సూడండి. మీ ఓటీయే అది."

తన ఓటీ తనే తొక్కానని ఆయన నాలుక కరుచుకుని వెనక్కి వెళ్ళి, గుమ్మంలోంచి మళ్ళీ వచ్చేవాడు.

మా చెల్లి ఒట్టి మొండిది. కోపం వస్తే అమ్మను చూస్తూ చూస్తూ గోడలోంచి ఇటు, గోడలోంచి అటు నడిచేది. అమ్మ కొట్టడానికి వస్తే ఇద్దరం స్నానాల గదిలోకి దూరి, గాల్లో గడియ పెట్టేసి, "లోపల ఉన్నాం" అనేవాళ్ళం. అమ్మ తన చట్టానికి తనే కట్టుబడి గీత బయట నిలబడిపోయేది. "బయటికి రండర్రా, మీ పని సెప్తాను" అని బెదిరించేది గానీ గీత దాటేది కాదు. కోపం తగ్గేదాకా మేం లోపల స్నానం చేస్తూనే ఉండేవాళ్ళం.

పొదుపు సంగతి చెప్పాలంటే వేరే పుస్తకం కావాలి. ఏది అడిగినా అమ్మ దాన్ని ఇంటి సామాన్లలోకి మార్చి చెప్పేది. వారపు సంతలో జిలేబీ అడిగితే, "కిటికీ సువ్వ తినీస్తావా?" అనేది. రిబ్బను అడిగితే అది తలుపు బందు. నాన్న కిళ్ళీ మానేశాడు, అది వంటింటి గూడు అయింది. చెల్లికి నిజంగానే జిలేబీ అంటే కిటికీ చువ్వ అనే పేరు ఖాయమైపోయి, సంతలో కొట్టువాడి దగ్గరికి వెళ్ళి "ఏక్ కిటికీ చువ్వ దో" అంది. కాస్త తెలుగు వచ్చిన ఆ కొట్టువాడు పాపం ఇనప సామాన్ల కొట్టు వైపు చూపించాడు.

సంతలో ఎర్ర చీమల పచ్చడి ఆకు దొప్పల్లో అమ్మేవారు. మొదటిసారి చూసి అమ్మ ముక్కు మూసుకుంది. చీమలను తినడం ఏమిటని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఎవరో, చీమలు అడవిలో ఊరికే దొరుకుతాయని చెప్పారు. ఊరికే అన్న మాట చెవిన పడగానే అమ్మ మొహం మారిపోయింది. ఆ వారమే మా కంచాల్లోకి చీమల పచ్చడి వచ్చింది. పుల్లగా, కారంగా, నిజం చెప్పాలంటే అదిరిపోయింది. "పప్పు మిగిలింది. గచ్చుకి పనికొస్తాది" అని అమ్మ ఆనందం.

మేం ఇల్లు కడుతున్నామని చెల్లి బళ్ళో గొప్పలు చెప్పింది. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది. ఒకరోజు క్వార్టర్లు చూసుకునే ఆఫీసరు, సర్కారు స్థలంలో పర్మిషన్ లేకుండా కట్టడం లేపుతున్నారని సైకిలేసుకుని వచ్చేశాడు. "సునా హై ఆప్ లోగ్ మకాన్ బనా రహే హై. కహా హై?" అని, కట్టే ఇల్లెక్కడో అడుగుతూ, గీత దాటి హాల్లోకి నడిచాడు. అమ్మ గాభరా పడాల్సింది పోయి, "సాబ్, ఉధర్ సే నై. దర్వాజా ఇధర్ హై" అని గుమ్మం వైపు చూపించింది. ఆయన కిందకు చూశాడు. ముగ్గు చూశాడు. అమ్మ మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, వెనక్కి వెళ్ళి, బూట్లు దులుపుకుని, గుమ్మంలోంచి వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, వంటగదికి కిటికీ చిన్నదైందని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే అమ్మ కిటికీ పెంచింది. నాన్న అందుకోసం ఇంకో ఓటీ చేశాడు.

మా వీధికి ఒక అవ్వ గంపతో వచ్చేది. ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు అమ్మేది. భేజ్జి దగ్గర పల్లె ఆమెది. కూతురి కాపురం కిరండూల్లో కాబట్టి ఇక్కడ ఉండేది. దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు, ఏది కావాలంటే అది మాట్లాడేది. గీతల చుట్టూ ఒకసారి తిరిగి చూసి గంప దించింది.

"ఏందమ్మా ఇది?"

"ఇల్లు, అవ్వా."

"కప్పేది?"

"కప్పు ఆఖర్న. ముందు గోడలు."

"మా కాడ ముందు గుంజలు పాతుతం. గుంజల మీద కప్పు ఏస్తం. గోడలు ఎప్పుడన్న పెట్టుకుంటం. మీ ఇంటికి గుంజ యాడుంది?"

"మాది గోడల మీదే నిలబడతాది."

"కట్టేది ఎవరు?"

"మా ఆయనే."

"ఒక్కడేనా? మా కాడ ఇల్లంటె ఊరు ఊరంత వస్తరు. కడతరు, కల్లు తాగుతరు, పోతరు. ఒక్క మనిషి ఇల్లు కడితె ఎన్నేండ్లు పడతది తల్లీ?"

అమ్మకు రోషం వచ్చింది. ఆ రోజు చింతపండు బేరం తెగ్గొట్టేసింది.

అసలు చిక్కు మూడో గదితో వచ్చింది. హాలు, పడక గది అయ్యాక, చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటారు, ఆడపిల్లలు పెద్దవాళ్ళయితే ఎక్కడ ఉంటారు అని అమ్మ ఇంకో గది గీయడం మొదలుపెట్టింది. మా పెరట్లో చోటు చాలలేదు. గీత పక్క క్వార్టరు పెరట్లోకి వెళ్ళి, వాళ్ళ కోళ్ళగూడులోంచి దూరి అవతల తేలింది. పక్కింటి మావయ్య రైలు గార్డు, బొబ్బిలి వైపు వాళ్ళు, ఆదివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవారు. ఆయన కోళ్ళకు నూకలు వెయ్యడానికి వచ్చి తల గోక్కున్నాడు.

"సెల్లీ, మీ మూడో గదిలో నా కోడి గుడ్డెట్టింది. గుడ్డు మీదా, మాదా?"

"గదికి అద్దె అనుకో, అన్నా. నువ్వే ఉంచుకో."

ఆ ఆదివారం ప్రార్థనలో ఆయన మా మూడో గది కోసం కూడా దేవుణ్ణి అడిగాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆమెన్ అనేశాడు.

మూడో గది చాలా పెద్దది. దానికి నాన్న ఓటీ మీద ఓటీ చెయ్యాల్సి వచ్చింది. తన డ్యూటీ, సెలవు పెట్టినవాళ్ళ డ్యూటీ, పండగ డ్యూటీ, అన్నీ ఆయనవే. మేం లేచేసరికి ఉండేవాడు కాదు. ఉన్నప్పుడు ముసుగు తన్ని నిద్రపోయేవాడు. నాన్న ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే దుప్పటి రంగు చెప్పే స్థితికి వచ్చాం. ఒకసారి ఆయన దుప్పటి తీసి కూర్చుంటే చెల్లి నా చెవిలో, "అక్కా, ఎవులో ఒచ్చేరు" అంది. మేం పగలబడి నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. ముగ్గు చిప్ప తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఏమీ గీయకుండా తిరిగొచ్చింది.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక పొద్దున, రెండు డ్యూటీలు కలిపి చేసి నాన్న ఇంటికి వచ్చాడు. మేం పళ్ళు తోముకుంటున్నాం. ఆయన మా వంక చూడలేదు. ముగ్గు గుమ్మం ముందు ఆగి బూట్లు విప్పాడు. గడప తొక్కకుండా దాటాడు. హాల్లోంచి ఎడమకు తిరిగి పడక గదిలోకి వెళ్ళాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చొక్కా కింద పడింది, ఆయనకు తెలియలేదు. గాల్లో చెయ్యి చాపి లైటు కూడా ఆర్పాడు. తర్వాత ఆ ఎర్ర నేల మీద పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు ముడుచుకుని, గురక పెట్టాడు.

మాకు నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చింది. పక్కింటి మావయ్య చూసి వాళ్ళావిణ్ణి పిలిచాడు. అవ్వ గంప దించుకుని నిలబడింది. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేపకండర్రా. ఆయన గదిలో ఆయన పడుకున్నారు" అంది.

అంతలో వాన మొదలైంది. మొదట తుంపర, తర్వాత ధార. ఆయన కదల్లేదు. అమ్మ పరుగున గుమ్మంలోంచి వెళ్ళి భుజం పట్టుకుని ఊపింది. లేవలేదు. వాన ఆయన నెత్తి మీద పడి ఎర్రటి కాలవలుగా చెంపల మీదికి జారింది. జారుతున్నకొద్దీ లోపలి నుంచి జుట్టు బయటపడింది. తెల్లగా. మా నాన్న జుట్టు నల్లగా ఉంటుందని మా అందరి నమ్మకం. అది ఎప్పుడు నెరిసిందో, ఆ ఎర్ర దుమ్ము కింద మాకు కనబడలేదు. అమ్మకు కూడా కనబడలేదు. ఆయన నెత్తి తుడవబోయిన ఆవిడ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అవ్వ వానలో తడుస్తూ, "గుంజ పండుకున్నదమ్మా" అంది. "ఇంక కప్పు దేని మీద ఏస్తవ్?"

అమ్మ మావయ్యను పిలిచింది. ఇద్దరూ చెరో చంకా పట్టుకుని లేపారు. నాన్న కళ్ళు తెరవకుండానే, "బండి బాగుంది, వదిలీండి" అన్నాడు. అమ్మ ఆయన్ని క్వార్టరు లోపలికి లాక్కొచ్చింది. గుమ్మం దాకా చుట్టూ తిప్పలేదు. అడ్డంగా గోడలోంచే లాక్కొచ్చేసింది.

"అమ్మా, గోడ" అంది చెల్లి, భయంగా.

"ఉండనీ" అంది అమ్మ.

నాన్న జ్వరంతో కొన్నాళ్ళు మంచం దిగలేదు. తగ్గి పెరట్లోకి వచ్చేసరికి, వాన వెలిసిన నేల మీద అమ్మ ఇల్లు మళ్ళీ గీసి ఉంది. హాలు ఉంది, పడక గది ఉంది, వంటగది ఉంది. కోళ్ళగూడు వైపు ఏమీ లేదు.

"గదేది?" అన్నాడు నాన్న.

"తుడిసీసేను."

"నా ఓటీ అది. తుడిసీడానికి నువ్వెవులు?"

"గీసింది నానే గదా."

నాన్నకు నిజంగా కోపం వచ్చింది. ఆయన కోపం మేం అదే మొదటిసారి చూడటం. ముగ్గు చిప్ప లాక్కుని తనే గీయడం మొదలుపెట్టాడు. ముగ్గు వెయ్యడం ఎన్నడూ ఎరగడు, గీత పాములా మెలికలు తిరిగింది. ఆయన గీస్తూ వెళ్తుంటే అమ్మ వెనకే చీపురుతో తుడుస్తూ వెళ్ళింది. ఆయన గోడ కడతాడు, ఆవిడ పడగొడుతుంది. కోళ్ళు బెదిరిపోయాయి. మావయ్య గడప మీద కూర్చుని, ఏ పక్షం వహించాలో తెలియక నూకలు తనే నములుతున్నాడు. కాసేపటికి నాన్నకు ఆయాసం వచ్చి నేల మీద కూలబడ్డాడు. అమ్మ చీపురు పడేసి ఎదురుగా కూర్చుంది.

"ఊళ్ళో అందరి సెక్రాలూ కొట్టి సప్పుడు ఇంటారు మీరు. మీ సప్పుడు ఎవులింటన్నారు?" అంది. "నాకు బయమేసింది. ఇల్లు నేకపోతే అద్దింట్లో ఉంటాను. ఆ ఓనరమ్మ సేపలు పారబోస్తే మల్లీ ఏపుకుంటాను. మీరు నేకపోతే నానేటి సేస్తాను?"

మా అమ్మ అలా మాట్లాడగా మేం ఎప్పుడూ వినలేదు. నాన్న చేతులకున్న ముగ్గు దులుపుకున్నాడు. "వంటగది కూడా తుడిసీస్తావేటి?" అన్నాడు.

"వంటగది జోలికొస్తే మీకూ నాకూ సెడతాది" అంది అమ్మ.

నాన్న నవ్వాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది, చేతి ముగ్గంతా మొహానికి అయ్యింది.

ఆ తర్వాత నాన్న అసలు డ్యూటీ తప్ప ఇంకోటి చెయ్యలేదు. మొదటి ఆదివారం ఇంట్లో ఉండిపోయి, ఏం చెయ్యాలో తోచక గిన్నెలన్నీ వరసగా పెట్టి కొట్టి చూశాడు. ఇత్తడి బిందెకు చిల్లు పడబోతోందని చెప్పాడు, నిజంగానే పడింది. రెండో ఆదివారం అందరం బస్సెక్కి దంతెవాడ గుడికి వెళ్ళాం. అమ్మ ఆ ఛార్జీలను ఏ ఇంటి సామానులోకీ మార్చలేదు. దారిలో చెల్లికి రెండు కిటికీ చువ్వలు కొనిచ్చింది, వేడివేడివి, వేళ్ళ మీద పాకం కారుతూ.

ఇల్లు కట్టడానికి అనుకున్నదానికన్నా చాలా ఏళ్ళు ఎక్కువ పట్టింది. ఊళ్ళో, ఓనరమ్మ వీధికి రెండు వీధుల అవతల, ఒక హాలు, ఒక పడక గది, ఒక వంటగది. గృహప్రవేశం మర్నాడు అమ్మ పొయ్యి ముట్టించి నెత్తళ్ళు వేయించింది. కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచి, విసనకర్రతో వాసనను బయటికి విసిరింది. గాలి ఓనరమ్మ ఇంటి వైపుకే ఉందో లేదో చూసి రమ్మని నన్ను డాబా మీదికి పంపింది కూడా.

చుట్టాలు వస్తే చోటు చాలేది కాదు. పిల్లలం హాల్లో ఒకరి మీద ఒకరం పడుకునేవాళ్ళం. స్థలమేమో అంత పెద్దది, ఇల్లేమో ఇంత చిన్నది. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవారు, ఇంకో గది వేసుకోలేకపోయారా అని. అమ్మ తడుముకునేది కాదు. వరండాలో పడక కుర్చీలో, నెరిసిన జుట్టుతో, పేపరు మొహాన కప్పుకుని నిద్రపోతున్న నాన్న వైపు గడ్డంతో చూపించేది.

"మూడో గది అదిగో. గురక పెడతంది, ఇనపడతన్నాది గదా."